సరిహద్దు పీపాకు రోజూ స్నానం

నేను ఒక పీపాను. పెట్రోలు పీపాను. కొంతకాలం ఒక దేశానికి చివరగా, ఇంకో దేశానికి మొదలుగా ఉద్యోగం చేశాను. ఆ ఉద్యోగంలో ఉండగా నన్ను రెండు వైపుల నుంచీ దుర్భిణీలతో చూశారు. నా ఫోటోలు తీసి విమానాల్లో పంపారు. నా గురించి పెద్ద పెద్ద ఊళ్ళలో మాట్లాడుకున్నారు. ఇంతకీ నేను చేసిన పని కదలకుండా నిలబడడం. ఆ ఊళ్ళలో కూర్చున్న పెద్దమనుషులు చేసే పనీ అదే గనక నాకు చిన్నతనం అనిపించలేదు.

నన్ను ఎక్కడ చేశారో సరిగా గుర్తు లేదు. పుట్టీ పుట్టగానే నెత్తిన సుత్తి దెబ్బలు పడుతుంటే ఊరి పేరు ఎవరు అడుగుతారు. మొదట ఇంగ్లీషు సైన్యం కొని ఆకుపచ్చ రంగు వేసింది. వాళ్ళు అంతవరకు ఏలిన గాజా ప్రాంతాన్ని వదిలి వెళ్ళేటప్పుడు ఇల్లు ఎవరికి అప్పగించాలో తేల్చకుండా వెళ్ళారు. నన్నూ అలాగే వదిలారు. ఈజిప్టు సైన్యం తీసుకుని పసుపు రంగు వేసింది. తర్వాతి యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం పట్టుకుని బూడిద రంగు వేసింది. రంగు మారినప్పుడల్లా నా పక్షం మారిందని వాళ్ళ నమ్మకం. లోపల మాత్రం అదే పెట్రోలు. ఎవరు పోసినా ఒకటే వాసన, ఎవరు అంటించినా ఒకటే మంట.

బూడిద రంగు వాళ్ళు వెనక్కి పోతూ నన్ను గాజా అంచున ఒక కందకంలోకి తన్నిపోయారు. ఖాళీగా పడున్నాను. ఖాళీ వస్తువుకు చెవులు బాగా వినిపిస్తాయి. యుద్ధం ఆగిందని అక్కడే విన్నాను. ఆగిందన్నారు గానీ అయిపోయిందని ఒక్కరూ అనలేదు.

ఆగిన యుద్ధానికి కాపలాగా నీలి టోపీల శాంతి దళం వచ్చింది. రకరకాల దేశాల వాళ్ళు. ఒకరి తిండి ఒకరు తినరు, ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. అందుకే వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకోలేదు. గాజా అంచున వాళ్ళు చూసుకోవలసిన గీత ఒకటి ఉంది. ఇటు ఈజిప్టు వాళ్ళు, అటు ఇజ్రాయెల్ వాళ్ళు. కాగితం మీద అది చక్కగా కనపడుతుంది. నేల మీద మేకలకు కనపడదు, మనుషులకు కనపడదు. అందుకని గీత పొడుగునా పీపాలు పాతమన్నారు. ఆ పని ఇండియా నుంచి వచ్చిన సైనికులకు పడింది. వాళ్ళలో ఇద్దరు నన్ను కందకంలోంచి పైకి లాగారు.

ఒకతను హవల్దార్ గురప్ప నాయుడు. మదనపల్లి పక్క పల్లెవాడు. రెండోవాడు లాన్సునాయక్ ఏసుపాదం. రేపల్లె దగ్గరివాడు. గురప్పది రెండు మెట్లు పై హోదా. ఏసుపాదం నాలుకకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు తెలుగు వచ్చింది గురప్ప తిట్లలోంచి. ఒక రాయి కాలి మీద పడితే అతను పలికిన వాక్యం నేను నేర్చుకున్న మొదటి పాఠం.

నాలో ఇసుక నింపి గీత మీద నిలబెట్టారు. సున్నం కొట్టారు. మర్నాడు దళంలో ఎవరో పెద్దాయన చూడడానికి వస్తున్నాడు. గురప్ప నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూశాడు. మొహం చిట్లించాడు.

"ఏమిరా ఏసుపాదం, ఒట్టి తెలుపు శవానికి గుడ్డ కప్పినట్టుండాది. నడిమిట్లో ఒక ఎర్రపట్టీ లాగితే కళగా ఉంటాది."

"పైవోళ్ళు తెల్లగా వెయ్యమన్నారు గురప్పన్నా. పట్టీ సంగతి చెప్పలా."

"వద్దని చెప్పినారా?"

"వద్దనీ చెప్పలా."

"ఇంకేమి. మా ఇంట్లో పండగొస్తే అరుగుకి సున్నం కొట్టి జాజుపట్టీ లాగకుంటే మాయమ్మ అన్నం పెట్టదు."

"మీయమ్మ ఇక్కడ లేదుగా."

"అందుకే గదరా నేను లాగేది."

జాజు అంటే ఎర్రమట్టి. అది అక్కడ లేదు. లారీలకు తుప్పు పట్టకుండా పూసే ఎర్ర రంగు డబ్బా తెచ్చి నా నడుం చుట్టూ జానెడు పట్టీ లాగాడు. ఎక్కడా వంకర పోలేదు. తెల్లని ఒళ్ళు, ఎర్రని పట్టీ. నేను పుట్టిన తర్వాత అందం కోసం నాకు రంగు వేసినవాడు అతనొక్కడే. దాని ఫలితం కూడా అలాగే ఉంది.

తెల్లవారింది. నా పక్కనే, గీతకు ఇవతల, ఒక బావి ఉంది. ఉమ్ జాబెర్ అనే ముసలామెది. ఆమెకు గీతకు అటు నిమ్మతోట ఉండేది, ఇటు పుచ్చమడి ఉంది. గీత గీసినవాళ్ళు నిమ్మతోటను అటు వేశారు. బావి ఇటు మిగిలింది. పెన్సిలు కొంచెం లావుదైతే అదీ పోయేది. మొగుడు పోయాడు, కొడుకు పోయాడు, కోడలూ మనవరాలూ ఉన్నారు. పుచ్చమడి పండితే ముగ్గురూ ఏడాది గడుపుతారు. ఎండితే శరణార్థుల శిబిరానికి పోయి పిండికీ నీళ్ళకీ వరసలో నిలబడాలి. చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఆ వరసలో ఉన్నారు. ఉమ్ జాబెర్ అంతవరకు నిలబడలేదు. ఆమెకు మిగిలిన ఆస్తి అదే. వరసలో నిలబడకపోవడం.

ఆ పొద్దున ఆమె గాడిదను తోలుకుని నీళ్ళకు వచ్చింది. ఇటువైపు కాపలావాడు తుపాకీ అడ్డం పెట్టాడు.

"ఆగు. ఎర్రపట్టీ కనపడలేదా? మందుపాతరలు పెట్టారు."

"ఎవరు పెట్టారు?"

"అటువాళ్ళే. ఇంకెవరు."

అదే సమయంలో అటువైపు కాపలావాళ్ళు కూడా నన్ను చూసి నేల మీద పడుకున్నారు. ఎరుపు అంటే ఫిరంగికి గురి గుర్తు అని వాళ్ళ పాఠం. పెట్టిందెవరు? ఇటువాళ్ళే. మధ్యాహ్నానికి రెండు వైపుల నుంచీ శాంతి దళానికి ఫిర్యాదులు వచ్చాయి. రెండింట్లోనూ మాటలు ఒకటే, పేర్లు మాత్రం తిరగేసి ఉన్నాయి.

ఆ సెక్టారుకు పెద్ద మేజర్ లిండెల్. ఉత్తరాన మంచు దేశం వాడు. ఎండకు మొహమంతా చర్మం లేచిపోయి, ఎప్పుడూ జాలి వేసేటట్టు ఉంటాడు. వచ్చి నన్ను చుట్టూ తిరిగి చూశాడు. గురప్ప కాళ్ళు దగ్గర పెట్టి సెల్యూట్ కొట్టాడు.

"నేనే వేసినాను సార్. అందానికి."

మేజర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"నేను నమ్ముతాను హవల్దార్. వాళ్ళు నమ్మరు. అందానికి అని రాస్తే, ఎవరి అందానికి అని అడుగుతారు."

"ఇప్పుడే గీకేస్తాను సార్."

"గీకితే సాక్ష్యం చెరిపామంటారు."

"పోనీ పీకేస్తాను."

"పీకితే సరిహద్దు జరిపామంటారు."

అలా నియమం తయారైంది. తగాదాలో ఉన్న గుర్తును రెండు వైపులవాళ్ళూ కూర్చునే ఉమ్మడి సంఘం తేల్చేదాకా ఎవరూ తుడవరాదు, కదపరాదు, దగ్గరికి రారాదు. నా చుట్టూ తాడు కట్టారు. తాడు లోపల నేనూ, నాతోపాటు బావీ. లోపలికి వచ్చే అధికారం నీలి టోపీలకు మాత్రమే. గుర్తు రెండు వైపులకూ స్పష్టంగా కనపడాలి గనక దాన్ని ఎప్పుడూ శుభ్రంగా ఉంచాలని ఆఖరున ఇంకో ముక్క కలిపారు. ఆ ముక్క కలిపినవాడు నాకు తెలియదు. అతనికి మంచి జరగాలి.

ఉమ్మడి సంఘం గీత మీద గుడారం వేసుకుని కూర్చుంది. అటు నుంచి ఒక కర్నలు, ఇటు నుంచి ఈజిప్టు కర్నలు, మధ్యలో మేజర్ లిండెల్, వెనక దుబాసీలు. బల్ల కాళ్ళు రెండు అటు, రెండు ఇటు ఉండాలన్నారు. నేల ఇటువైపు వాలుగా ఉంది. తమను పల్లంలో కూర్చోబెట్టారని ఇటు కర్నలు లేచి నిలబడ్డాడు. బల్లకాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. ఆ ఇటుకలు ఎవరివని అటు కర్నలు అడిగాడు. అది తేలేసరికి పొద్దు వాలింది, గుడారం నీడ గీత దాటి అటు దేశంలోకి పోయింది. నీడ చొరబాటు మీద ఒక నిరసన రాసుకున్నారు. సమావేశం ఫలప్రదంగా జరిగిందని ప్రకటించి లేచారు.

ఆ బల్ల దగ్గర ఉమ్ జాబెర్ లేదు. ఆమె బావి గురించి మాట్లాడడానికి సముద్రాలు దాటి వచ్చారు. తాడు అవతల గాడిద పక్కన నిలబడిన మనిషిని పిలవలేదు. పిలవాలని ఒక్కరికీ తోచలేదు. అది మరపు అంటే నేను ఒప్పుకోను.

పుచ్చతీగలు వాడడం మొదలైంది. ఆమె రోజూ తాడు దాకా వచ్చి నాతో మాట్లాడేది.

"ఏమయ్యా పీపా దొరా, ఇవాళైనా దయ వచ్చిందా? ఇంకా ఆలోచిస్తున్నావా? తొందరేం లేదు. తీగలు నీకోసం ఆగుతాయిలే."

గురప్ప తల దించుకునేవాడు. వాళ్ళిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవాళ్ళని అడక్కండి. ఆమెది అరబ్బీ. అతనిది మదనపల్లి సంతలో నేర్చిన ఉర్దూ. మిగిలింది చేతులు. నేను తెలుగులో చెబుతున్నాను.

"తప్పు నాదే పెద్దమ్మా."

"నీదే. మీ ఇంట్లో గోడలు లేవా పూసుకోను?"

"మా ఇంట్లో పూస్తే ఎవురూ తుపాకీ ఎత్తరు పెద్దమ్మా."

"అయితే అక్కడే ఉండకపోయావా?"

ఈలోగా ఒక రోజంతా దుమ్ము గాలి వీచింది. నా తెలుపు, ఎరుపు రెండూ పోయి మట్టి ముద్దలా అయ్యాను. గుర్తు కనపడడం లేదని రెండు వైపుల నుంచీ ఫిర్యాదులు. కడగమని మేజర్ ఆజ్ఞ. ఏసుపాదం బావిలో బొక్కెన దించి నీళ్ళు తోడాడు. గురప్ప నా నెత్తిన గుమ్మరించాడు. నీళ్ళు నా మీద నుంచి జారి, ఇటువైపు వాలుగా పారి, ఉమ్ జాబెర్ పాత కాలువలో పడి, నేరుగా పుచ్చమడి మొదటి తీగ దగ్గర ఆగాయి.

ముగ్గురూ ఆ నీళ్ళను చూశారు. ముందుగా ముసలామె నోరు విప్పింది.

"ఇంకా మురికిగానే ఉంది నాయనా. వీపు చూడు."

గురప్ప నా వీపు చూశాడు. తళతళలాడుతోంది.

"అవును పెద్దమ్మా. శానా మురికుండాది. ఏసుపాదం, ఇంకో బొక్కెన."

"తెల్లంగా మెరుస్తా ఉంటే మురికేందన్నా?"

"నీకు కండ్లు సరిగా ఆనవు. తోడు."

ఆ రోజు నుంచి నాకు రోజూ స్నానం. పొద్దున మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా. రాజులకు కూడా అంత స్నానం ఉండదు. ఏసుపాదం తోడుతూ గొణిగేవాడు.

"మా ఊళ్ళో అడిగితే ఏం చెప్పాలన్నా? ప్రపంచశాంతికి పోయి పీపాకి వీపు రుద్దానని చెప్పాలా?"

"పతకమిస్తారులే."

"బొక్కెన బొమ్మేసి ఇస్తారా?"

తీగలు లేచాయి. ఆకులు ముదురు పచ్చ తిరిగాయి. అటువైపు మెట్ట మీద జెకర్యా అనే కాపలావాడు ఇదంతా దుర్భిణీలో చూసేవాడు. అతను యెమెన్ నుంచి వచ్చిన యూదుడు. అరబ్బీ తల్లిపాలతో వచ్చింది. కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుని, పిన్నీ అన్నట్టు ముసలామెను ఖాలా అని కేకేసేవాడు.

"ఖాలా, ఏంటి సంగతి? పీపాకి పెళ్ళా?"

"నీకే ఇద్దామని ముస్తాబు చేస్తున్నాం. పిల్ల నచ్చిందా?"

"నడుం కొంచెం లావు."

"నీ మొహానికి అదే ఎక్కువ."

అతనికి అసలు సంగతి అర్థం కాకపోలేదు. కాలువ అతనికీ కనపడుతోంది. కానీ అతను రోజూ చూసింది చూసినట్టు పైవాళ్ళకు చెప్పాలి. పీపాను కడుగుతున్నారు అని చెప్పాడు. మర్నాడూ అదే చెప్పాడు. కాలువ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. జెకర్యా చేసిన ఉపకారం అంతే. ఆ దేశంలో అది తక్కువేం కాదు.

కానీ పైనున్నవాళ్ళకు నిద్ర పట్టలేదు. బుద్ధి ఉన్న మనిషి పీపాను రోజూ ఎందుకు కడుగుతాడు? అటువాళ్ళు ఎక్కడో పట్నంలో ఉన్న ఒక పండితుణ్ణి అడిగారు. ఆయన ఇండియా గురించి చాలా చదివినవాడు, ఎప్పుడూ వెళ్ళనివాడు. ఫోటో చూసి తేల్చేశాడు. తెల్లని నిలువు ఆకారం. మీద ఎర్రని బొట్టు. రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తున్నారు. ఇది పూజ. ఇటువాళ్ళ పండితుడు కూడా వేరే పట్నంలో కూర్చుని అదే తేల్చాడు. వాళ్ళు కలిసి నమ్మిన మొదటి సంగతి నేను దేవుణ్ణని.

అంతే, ఉమ్మడి సంఘం పరుగున వచ్చింది. ఈసారి ఇటుకల ఊసు లేదు. ఆ భూమి మీద పుణ్యస్థలం అన్న మాట వినపడితే తుపాకులు కాస్త కిందికి దిగుతాయి. తర్వాత అంతకుముందు కంటే ఇంకా పైకి లేస్తాయి. కర్నళ్ళిద్దరికీ ఆ సంగతి తెలుసు. గురప్పనూ ఏసుపాదాన్నీ బల్ల ముందు నిలబెట్టారు.

మేజర్ లిండెల్ మెల్లగా అడిగాడు. "హవల్దార్, నిజం చెప్పు. మీరు చేస్తున్నది పూజేనా?"

గురప్ప లెక్క వేసుకున్నాడు. కాదంటే, మరి ఇన్ని నీళ్ళు ఎందుకని అడుగుతారు. మడికి అని చెబితే ఒక పక్షానికి సాయం చేసినట్టు. నీలి టోపీ ఊడుతుంది, కాలువ పూడుతుంది, కాయలు ఇంకా పిడికెడే ఉన్నాయి. అవునంటే, అబద్ధం. తాడు అవతల ఉమ్ జాబెర్ గాడిద మెడ పట్టుకుని నిలబడింది. ఆ రోజు ఆమె ఎవర్నీ వెక్కిరించలేదు.

"సార్, మా పక్క దేనికైనా రోజూ నీళ్ళు పోసి కాచుకుంటే, అది బతకల్లని కోరుకుంటే, దాన్ని పూజనే అంటారు సార్."

దుబాసీలు ఆ మాటను చెరో భాషలోకి మార్చారు. కర్నళ్ళు ఏసుపాదం వైపు తిరిగారు.

"నువ్వు కూడానా?"

"నేను చర్చికి పోయేవాణ్ణండి. నాకు పూజా గీజా తెలవదు. బొక్కెన అందిస్తానంతే."

మేజర్ నేల వైపు చూశాడు. అక్కడ నీళ్ళు సన్నగా మడి వైపు పారుతున్నాయి. ఆయన ఆ ధార వెంట చూపు తిప్పుకుంటూ పోయి, తీగల దగ్గర ఆగి, మళ్ళీ కాగితాల మీదికి వచ్చాడు.  విచారణ పూర్తయ్యేదాకా పూజకు అడ్డు చెప్పరాదని రాయించాడు. సంతకాలు పడ్డాయి.

విచారణ సాగింది. అది సాగినన్నాళ్ళూ నీళ్ళు సాగాయి. పుచ్చకాయలు ఉబ్బాయి. ఉమ్ జాబెర్ చేతికర్రతో ఒక్కో కాయనూ తట్టి చూసుకునేది. ఒక కాయ గురప్ప చేతికిచ్చి, అటు మెట్ట మీద కూర్చున్నవాడికి ఇచ్చి రమ్మంది.

"గీత దాటకూడదు పెద్దమ్మా."

"నిన్ను దాటమన్నానా? కాయను దాటించు."

గురప్ప దాన్ని గీత మీద పెట్టి కాలితో మెల్లగా అటు తోశాడు. జెకర్యా దిగి వచ్చి తీసుకుపోయాడు. ఆ ఏడాది ఆ గీత మీద జరిగిన ఉల్లంఘనల్లో నాకు నచ్చింది అదొక్కటి.

ఇక్కడితో ఆపితే బాగుండేది. నేను మనుషుల మధ్య బతికాను గనక ఆపలేను.

విచారణలో అటు కర్నలుకు ఒక అనుమానం వచ్చింది. ఇది పుణ్యస్థలమే అయితే భక్తులు వస్తారు. ఇటు కర్నలు వెంటనే, భక్తులు మా వైపు నుంచి రావాలి అన్నాడు. బావి మా వైపు ఉంది గనక అన్నాడు. అటు కర్నలు, పీపా సగం మాది గనక మా వైపు నుంచీ రావాలి అన్నాడు. వచ్చేవాళ్ళకు వేళలు ఎవరు పెడతారు? గుడి కడితే తలుపు ఎటు? తాళంచెవి ఎవరి దగ్గర? అక్కడిదాకా వచ్చి ఇద్దరూ ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మొహాల్లో నిజమైన భయం కనపడింది. అంతకుముందు వాళ్ళు భయం నటించడమే చూశాను.

"ఇంకొకటా?" అన్నాడు అటు కర్నలు.

"ఉన్నవి చాలవా?" అన్నాడు ఇటు కర్నలు.

తర్వాత పని చకచకా నడిచింది. పీపాను తీసేయాలి. కానీ నీళ్ళుంటే రేపు ఇంకో పీపాకు పోస్తారు. కాబట్టి బావిని సిమెంటుతో మూసేయాలి. చుట్టూ నేల ఎవరిదీ కాకుండా ఖాళీగా ఉంచాలి. ఒక్క అభ్యంతరం రాలేదు. సంతకాల రోజున విందు చేశారు. ఇటు కర్నలు పక్క మడి నుంచి పుచ్చకాయలు కోయించి తెప్పించాడు. ఎర్రగా, పంచదారలా ఉన్నాయి. అటు కర్నలు రెండో ముక్క తీసుకుంటూ ఈ విత్తనం ఎక్కడిదని అడిగాడు. మాది అన్నాడు ఇటు కర్నలు. మా దగ్గరా ఇలాంటివే పండుతాయి అన్నాడు అటు కర్నలు. గింజలు ఊశారు. చేతులు కలిపారు. ఫోటో తీశారు. మేజర్ లిండెల్ ముక్క ముట్టుకోలేదు. ముట్టుకోనంత మాత్రాన సంతకం పెట్టకుండా లేడు.

బావి మూసే పని గురప్ప జట్టుకే పడింది. సిమెంటు బస్తాలు దించారు. గురప్ప పార పట్టుకుని నిలబడ్డాడు గానీ వంగలేదు. ఉమ్ జాబెర్ వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. తాడు తీసేశారు గనక ఆమెను ఆపేవాళ్ళు లేరు.

"నేను చెయ్యను పెద్దమ్మా. జైల్లో వేస్తే వెయ్యనీ. నా రంగు వల్లనే గదా ఇదంతా."

"నీ రంగు లేకపోతే ఇంకోటి దొరికేది. నువ్వు చెయ్యకపోతే ఇంకొకడు వస్తాడు. వాడు కాయలు పూర్తిగా కోసుకునేదాకా ఆగుతాడా? అవి తీసుకుపోయేదాకా ఆగు, తర్వాత మూసెయ్."

"నువ్వే మూసెయ్యమంటే ఎట్ల?"

"ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్నది ఇదొక్కటే. పాపం, ఎందుకు చెడగొడతావు?"

గురప్ప నవ్వలేదు. ఏసుపాదం పక్కకు తిరిగి ముక్కు చీదాడు. కాయలు గాడిద మీద వేసి పంపారు. తర్వాత బావి మూశారు. సిమెంటు మీద పేరు రాయమని ఎవరూ చెప్పలేదు, గురప్ప ఏ రంగూ వెయ్యలేదు.

నన్ను పాత ఇనుము కింద రాసేశారు. ఏసుపాదం నాలోని ఇసుక పారబోసి లారీ ఎక్కించాడు. లారీ పాత ఇనుము కొట్టు దాకా వెళ్ళింది. నేను వెళ్ళలేదు. దారిలో ఉమ్ జాబెర్ గుమ్మం ముందు నన్ను దించి, "ఇదేదో జారిపడిందండి, ఉంచుకోండి" అని తెలుగులోనే చెప్పి పోయాడు. ఆమెకు అర్థమైంది.

గురప్పకూ ఏసుపాదానికీ దళం మారే వేళ వచ్చింది, ఓడ ఎక్కారు. ఎక్కేముందు అందరితోపాటు పతకాలు ఇచ్చారని విన్నాను. మీద ఏం బొమ్మ ఉందో తెలియదు. మేజర్ లిండెల్ కు పై ఉద్యోగం వచ్చింది. ఆ చోటు నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదని, పూర్తి శాంతి నెలకొన్నదని ఏటా రాస్తున్నారట. నెలకొనకేం. అక్కడ పుచ్చతీగ లేదు, గాడిద లేదు, మనిషి లేడు.

నీళ్ళు లేని మడిని నమ్ముకుని ఉమ్ జాబెర్ ఒక ఏడాది చూసింది. తర్వాత గాడిదను అమ్మేసింది. కోడలినీ మనవరాలినీ నన్నూ తీసుకుని శిబిరానికి వచ్చింది. రేకుల గది ఇచ్చారు. పొద్దున్నే నీళ్ళ బండి వస్తుంది. జనం వరస కడతారు.

ఉమ్ జాబెర్ ఇప్పటికీ వరసలో నిలబడదు. తెల్లవారకముందే లేచి, నన్ను దొర్లించుకొచ్చి, బండి ఆగే చోట నిలబెడుతుంది. తను పోయి గోడ నీడన కూర్చుంటుంది. బండి వచ్చాక కోడలు నన్ను నింపి, బిరడా బిగించి, మనవరాలితో కలిసి ఇంటికి దొర్లిస్తుంది. ఈలోగా కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా నా ముందుకు బిందె జరపబోతే, గోడ దగ్గర నుంచి కర్ర లేస్తుంది.

"ఏయ్. ఆ పీపాను కదపకు. అది నా చోటు."

ఎవరూ కదపరు.